బెంగళూరు వెనక కొండల్లో సైకిల్ మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

సోమవారం పొద్దున ముఖం మాడిపోయి ఆఫీసుకు వెళ్తే చాలు, "మళ్ళీ సైకిలేసుకుని ఎటు పోయావు?" అని మొదలవుతుంది. ఆ వెనకే వరసగా అవే ప్రశ్నలు. ప్రతిసారీ కాఫీ మిషన్ పక్కన నిలబడి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది రేసుల గురించి కాదు. వెనక సంచి కట్టుకుని, లారీలు తక్కువ తిరిగే రోడ్ల మీద ఒకటి రెండు రోజులు తీరిగ్గా తొక్కడం గురించి. నేను ఉండేది యలహంకలో, సొంతూరు నెల్లూరు. ఆ రెండో సంగతి ఇక్కడెందుకో పెన్న దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

కొండలంటే నంది హిల్సే కదా?

నంది ఎత్తు 1,478 మీటర్లు. కింది మలుపు దగ్గర నుంచి గేటు దాకా ఏడెనిమిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, చివరి కిలోమీటరు ఊపిరి తీసేస్తుంది. సైకిల్ కొన్న ప్రతివాడూ ఒకసారి ఎక్కాల్సిందే. కాకపోతే వారం మధ్యలో సెలవు పెట్టుకుని ఎక్కండి. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే బైకులూ కార్లూ గేటు ముందు బారులు తీరతాయి. సూర్యోదయం చూడ్డానికి వచ్చినవాళ్ళ హారన్ల మధ్య, సైలెన్సర్ పొగ మింగుతూ ఎక్కితే అది కొండ కాదు, ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్‌ని ఏటవాలుగా నిలబెట్టినట్టు ఉంటుంది.

నిశ్శబ్దం కావాలంటే నంది ఎక్కకండి, నంది చుట్టూ తిరగండి. పక్కనే స్కందగిరి, బ్రహ్మగిరి, చెన్నకేశవ గిరి ఉన్నాయి. వాటి అవతల గుడిబండె, బాగేపల్లి మీదుగా ఆంధ్ర సరిహద్దు దాకా గుట్టలే గుట్టలు. మధ్యలో ద్రాక్ష తోటలు, మల్బరీ చేలు, ఊరికో చెరువు. కొండ కింద నంది ఊళ్ళో భోగనందీశ్వరుడి గుడి ఉంది, తొమ్మిదో శతాబ్దం నాటిది. పైకి పరిగెత్తే జనంలో చాలామంది దాని దగ్గర ఆగరు. పొద్దున ఏడింటికి ఆ కోనేటి మెట్ల మీద ఇడ్లీ పొట్లం విప్పుకుని కూర్చుంటే, మీరూ పావురాలూ తప్ప ఎవరూ ఉండరు.

అసలు ఈ ఊళ్ళోంచి బయటపడేదెలా?

కొండ ఎక్కడం కంటే ఇదే కష్టం. ఎలక్ట్రానిక్ సిటీ, సర్జాపూర్ వైపు ఉండేవాళ్ళకి ఊరు దాటేసరికే ముప్పై నలభై కిలోమీటర్లు ఖర్చైపోతాయి. రెండే దారులు. తెల్లవారుజామున నాలుగున్నరకి ముందూ వెనకా లైట్లు పెట్టుకుని బయల్దేరడం, లేదా ముందు చక్రం ఊడదీసి కారులో వేసుకుని దొడ్డబళ్ళాపుర దాకా వచ్చి అక్కడి నుంచి తొక్కడం. రెండోది చేస్తే చిన్నతనం అనుకునేవాళ్ళున్నారు. నేనైతే అనుకోను.

విమానాశ్రయం రోడ్డు మాత్రం వద్దు. పక్కన సర్వీసు రోడ్డు ఉంది గానీ, ఫ్లైటుకు ఆలస్యమైన క్యాబులకి సైకిలు కనబడదు. యలహంక, రాజానుకుంటె, దొడ్డబళ్ళాపుర రోడ్డు వెడల్పుగా ఉంటుంది, పొద్దున ఆరు దాకా ఖాళీ. ఆ తర్వాత ఫ్యాక్టరీ బస్సులు మొదలవుతాయి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఏ దారి మంచిది?

ఘాటి సుబ్రహ్మణ్య. యలహంక నుంచి పోను సుమారు నలభై కిలోమీటర్లు, రాను అంతే. దొడ్డబళ్ళాపుర దాటి లోపలికి తిరగ్గానే ట్రాఫిక్ ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోతుంది. ఎక్కుళ్ళు చిన్నచిన్నవి, ఒక్కోటి పది నిమిషాలకు మించదు. మాకళీదుర్గ గుట్టల సందులోంచి పోయే రైలు కూత వినబడుతుంది. గుడి దగ్గర కోతులతో జాగ్రత్త: హ్యాండిల్ సంచిలో అరటిపళ్ళు పెట్టి జిప్పు వేసినా లాభం లేదు, జిప్పు తీయడం వాటికి వచ్చు.

పండగ రోజుల్లోనూ, మంగళవారాల్లోనూ వెళ్ళకండి.

మీరు ఎప్పుడూ చెప్పే పెన్న దారి ఏమిటి?

నెల్లూరులో పెన్న అంటే వంతెన మీద బస్సు ఎంతసేపు పోయినా అవతలి ఒడ్డు రానంత వెడల్పు, ఒడ్డున రంగనాయకుల గుడి. ఆ నది బెంగళూరు పక్కన, నంది కొండల్లోని చెన్నకేశవ గిరి దగ్గర పుడుతుందని ఇక్కడికొచ్చిన చాలా ఏళ్ళ దాకా నాకు తెలీదు. కన్నడంలో ఉత్తర పినాకిని అంటారు. ఇక్కడి నుంచి ఉత్తరానికి పోయి, హిందూపురం, అనంతపురం వైపు తిరిగి, గండికోట లోయ కోసుకుని, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి మా ఊరు దాటి సముద్రంలో కలుస్తుంది.

రెండు రోజుల దారి ఇది. మొదటి రోజు యలహంక నుంచి నంది ఊరు, అక్కడి నుంచి చిక్కబళ్ళాపుర, మంచేనహళ్ళి, గౌరిబిదనూరు, హిందూపురం. పోను మొత్తం 110 నుంచి 115 కిలోమీటర్లు. దొడ్డబళ్ళాపుర నుంచి గౌరిబిదనూరుకి నేరుగా పోయే రోడ్డు ఉంది, దూరం తగ్గుతుంది, కానీ లారీలు ఎక్కువ. మంచేనహళ్ళి వైపు రోడ్డు సన్నగా, గుట్టల మధ్య మెలికలు తిరుగుతూ ఉంటుంది. చింతచెట్ల నీడ ఉంటుంది. ఎక్కి దిగడం తప్పదు గానీ మొత్తం మీద దిగుడే ఎక్కువ.

గౌరిబిదనూరు దాటాక విదురాశ్వత్థ దగ్గర తప్పకుండా ఆగండి. నది ఒడ్డున వందల నాగశిలలు, గుడి, పక్కన స్మారకం. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. దీన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నీడ కోసం ఆగాను. లోపల గోడ మీదున్న బొమ్మలు చూసి గంటసేపు కదల్లేదు.

ఇక్కడ పెన్నలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. వంతెన మీద ఆగి కిందికి చూస్తే తుమ్మ కంపలు, మేకలు, మధ్యలో ఒక గుంటలో మోకాలి లోతు నీళ్ళు. మా నాన్నకి ఫొటో పంపాను. "ఇదా పెన్న?" అని ఒకే ముక్క రాశాడు.

రెండో రోజు హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు, దాదాపు చదును. ఎండెక్కే లోపు వెళ్ళి, వేలాడే స్తంభం, ఏకశిలా నంది చూసుకుని, వెనక్కి వచ్చి మధ్యాహ్నం రైలెక్కితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉంటారు.

వెనక్కి కూడా తొక్కుతూ రావచ్చుగా?

వస్తే రండి. ఒక్క లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి: బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, హిందూపురం 620, మదనపల్లె 700. అంటే ఆంధ్ర వైపు పోయేటప్పుడు కాళ్ళు "అబ్బ, ఎంత ఫిట్‌గా ఉన్నానో" అంటాయి. వచ్చేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి కూడా తోడవుతుంది. తూర్పున ఉన్న చింతామణి వైపు పోయేటప్పుడు వీపు మీద చెయ్యి పెట్టి తోసే గాలే, వచ్చేటప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. అందుకే పోవడం సైకిలు మీద, రావడం రైల్లోనో బస్సులోనో అన్నది నా పద్ధతి.

రైల్లో సైకిల్ ఎక్కించనిస్తారా?

పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి, రసీదు తీసుకుని, బ్రేక్ వ్యాన్‌లో (రైలుకి ఉండే సామాను పెట్టెలో) వేయించాలి. గంట ముందు వెళ్ళండి. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను రాసిన అట్టముక్క ఫ్రేముకి గట్టిగా కట్టండి. లైట్లు, మీటరు, పంపు, సంచులు ఊడదీసి మీ దగ్గర పెట్టుకోండి. చిన్న స్టేషన్లో రైలు రెండు నిమిషాలే ఆగుతుంది కాబట్టి దిగగానే వ్యాన్ వైపు పరుగు తీయాలి. మడత సైకిలు ఉన్నవాళ్ళు ఈ బాధలేవీ లేకుండా సంచిలో పెట్టుకుని సీటు కింద తోసేస్తారు. కొంచెం అసూయే నాకు.

బస్సయితే కండక్టరు దయ. ముందు చక్రం ఊడదీసి డిక్కీలో పడుకోబెట్టే చోటుంటే సరే అంటారు, లగేజీ టికెట్టు కొడతారు.

రెండు రోజులకు మించి టైముంటే?

కైవారం, చింతామణి, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్. మూడు రోజులు పెట్టుకోండి. హొసకోటె దాటి హెచ్ క్రాస్ మీదుగా కైవారం. ఇక్కడి తాతయ్య, యోగి నారేయణ, గాజులమ్ముకుంటూ తిరిగి, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు, కాలజ్ఞానం చెప్పినాయన. మఠంలో భోజనం పెడతారు. సైకిలు చెమటతో వచ్చినా ఎవరూ ముఖం చిట్లించరు. రాత్రికి చింతామణి.

రెండో రోజు మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండ. మదనపల్లెలో టీకి ఆగండి. టాగూరు 1919లో ఇక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చాడు. అక్కడి నుంచి కొండ సుమారు 28 కిలోమీటర్లు, అసలు ఎక్కుడంతా చివర్లోనే. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి బంగళా కట్టుకున్నాక ఆయన పేరు పడింది. మధ్యాహ్నం పన్నెండుకి కింద ఉన్నారంటే ఎక్కకండి, చెట్టు కింద పడుకోండి. మూడున్నర తర్వాత మొదలుపెడితే నీలగిరి చెట్ల వాసన వస్తుంది, కింద మండిన ఒళ్ళు మలుపు మలుపుకీ చల్లబడుతుంది. పైన టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది. శనివారమైతే ముందే గది చెప్పుకోవాలి.

గుడిబండె బాగుంటుందంటారు?

ఒక్కరోజు దారుల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. పెరేసంద్ర దగ్గర హైవే వదిలేస్తే వర్లకొండ పక్కనుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. వర్లకొండ ఎండలో ఒక పెద్ద ఏనుగు కూర్చున్నట్టుంటుంది. గుడిబండె కోట ఏడు అంచెలు, మెట్లెక్కాలి, సైకిలు కింద ఎవరింటి ముందైనా పెట్టి చెప్పి వెళ్ళండి. పైనుంచి భైరసాగర చెరువు కనబడుతుంది. అది భారతదేశం పటంలా ఉందంటారు. నాకు ఒక కోణంలో అనిపించింది, ఇంకో కోణంలో అరిసెలా అనిపించింది.

మాకు కన్నడం రాదు, పల్లెల్లో ఇబ్బందా?

చిక్కబళ్ళాపుర దాటాక మీకు కన్నడం రాకపోవడం పెద్ద విషయం కాదు. గుడిబండె, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే. ముందు "నమస్కార" అని పలకరించండి, మర్యాద. వాళ్ళే మీ యాస పట్టేస్తారు. ఒకసారి ఎక్కుడు మధ్యలో ఆగి రొప్పుతుంటే చేలో గడ్డి కోస్తున్న అవ్వ తలెత్తి, "ఏమప్పా, బెంగళూరు నుంచి సైకిల్లో వస్తివా? పెట్రోలుకి దుడ్లు లేవా?" అంది. సరదాకి తొక్కుతున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు. కొంగున ముడేసుకున్న పల్లీలు తీసి దోసిట్లో పోసింది.

ఎలాంటి సైకిల్ కావాలి? గేర్లు ఎన్ని ఉండాలి?

ఎన్ని అన్నది కాదు, అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలిక అన్నదే అడగాలి. ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టు తిప్పితే టైరు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. సంచి బరువుతో ఘాటు ఎక్కేటప్పుడు మనలాంటి వాళ్ళ వేగం అంతే. వెనక 28 పళ్ళే ఉంటే, అదే తీరున తొక్కడానికి గంటకు తొమ్మిది దాటాలి. అక్కడే మోకాళ్ళు పట్టేస్తాయి. షాపుకెళ్ళి "వెనక పెద్దది ఎన్ని పళ్ళు?" అని అడగండి. చెప్పలేకపోతే మీరే లెక్కపెట్టండి.

టైరు 32 మి.మీ. లేదా ఇంకాస్త లావు. సన్న టైర్లు పల్లె రోడ్ల గుంతలకి ఆగవు. రోడ్డు సైకిలుకీ మౌంటెన్ సైకిలుకీ మధ్యరకమైన హైబ్రిడ్ సైకిలు చాలు, పాతదైనా పర్వాలేదు. ఖరీదైన కార్బన్ సైకిలు కొని పల్లెలో లాడ్జి బయట వదిలేసి నిద్రపట్టక దొర్లడం కంటే, అల్యూమినియం సైకిలుతో గురకపెట్టడం నయం.

దిగేటప్పుడు భయం. బ్రేకులు ఎలా వాడాలి?

భయం ఉండటమే మంచిది. మలుపులోకి వెళ్ళాక బ్రేకు పట్టకండి, మలుపుకి ముందే వేగం తగ్గించి, చూపు మలుపు అవతలికి పెట్టి, బయటి కాలు కిందికి దించి తిరగండి. రెండు బ్రేకులూ కలిపి వాడండి. రిమ్ము బ్రేకులైతే కొండ పొడుగునా పట్టుకునే ఉండకూడదు. రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగి చేతులు విదిలించుకోండి.

బయల్దేరే ముందు ప్యాడ్లు మీ కళ్ళతో చూసుకోండి. ఒకసారి సర్వీసుకిచ్చిన చోట ప్యాడ్లు మార్చామని బిల్లు వేశారు. హార్స్‌లీ సగం దిగాక గీరుతున్న చప్పుడు వస్తే ఆగి చూశాను. అవి పాతవే, ఇనుము బయటపడింది. మిగతా సగం నడిచి దిగాను.

ఎక్కలేకపోతే?

దిగి తోసుకుంటూ నడవండి. ఎవరూ చూడరు, చూసినా ఏమీ అనుకోరు. 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోపు దూరం పూర్తిచేసే సైకిలు యాత్రలో) పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. ఇక్కడ గడువు చీకటి పడటం ఒక్కటే. ఆగడాలతో కలిపి గంటకు 12 కిలోమీటర్లు లెక్కేసుకుంటే ప్లాను తప్పదు.

ఏ నెలల్లో వెళ్ళాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రం వానలు గట్టిగా పడతాయి గానీ చెరువులు నిండి ఉంటాయి. పొద్దున తొక్కి మధ్యాహ్నానికి ఆగిపోయేవాళ్ళకి అదీ బాగుంటుంది. ఏప్రిల్, మేలో సరిహద్దు దాటి పోవద్దు.

చలికాలంలో ఒక చిక్కుంది. పంట కోశాక రాగి కంకులు, ఉలవ కట్టె రోడ్డు మీదే పరుస్తారు, బండ్ల చక్రాల కింద నూర్పిడి అయిపోతుంది. మూడేళ్ళ కిందట గుడిబండె రోడ్డులో అలాంటి ఉలవల మీదుగా దర్జాగా తొక్కుకుంటూ పోయాను. ఎండిన తీగ ఒకటి వెనక డీరెయిలర్‌లో (గేరు మార్చడానికి చైన్ని జరిపే భాగంలో) చుట్టుకుని, చైను బిగుసుకుపోయి, సైకిలు గుర్రంలా నిలబడిపోయింది. కల్లం రైతు నవ్వుకుంటూ వచ్చి కొడవలితో తీగ ఒక్కొక్కటే కోసి తీశాడు. డీరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయింది. పెరేసంద్ర దాకా ఒకే గేరులో వచ్చాను. అప్పటి నుంచి రోడ్డు మీద పంట కనబడితే దిగి, సైకిలు ఎత్తుకుని అంచున నడుస్తాను. వాళ్ళ గింజలూ చెదరవు.

తిండి, నీళ్ళు?

తిండికి లోటు లేదు. పొద్దున ఇడ్లీ, చిత్రాన్నం, మధ్యాహ్నం రాగి ముద్ద, ఉలవ చారు. ముద్ద తిన్న అరగంట దాకా ఎక్కుడు పెట్టుకోకండి.

నీళ్ళకి పల్లెల్లో పంచాయతీ ఫిల్టరు గదులుంటాయి, "శుద్ధ నీరు" అని బోర్డు కనబడుతుంది. నాణెం వేస్తే ఇరవై లీటర్ల బిందెకి సరిపడా ధార ఒక్కసారిగా దూకుతుంది, మన బాటిలు ముప్పావు లీటరు. మొదటిసారి బూట్లు తడిసిపోయాయి. ఇప్పుడు ఎవరైనా క్యాను పట్టుకుని వచ్చేదాకా ఆగి, వాళ్ళ ధారలో నా బాటిళ్ళు పట్టుకుని, నాణెం నేనే వేస్తాను. ఉప్పు, నిమ్మకాయ సంచిలో ఉంచుకోండి.

కుక్కలు వెంటబడితే?

వేగం పెంచకండి, ఎక్కుడులో ఎలాగూ పెరగదు. దిగి, సైకిలు మీకూ దానికీ మధ్య పెట్టుకుని, గట్టిగా "ఏయ్" అని నడవండి. నూటికి తొంభై సార్లు దానికి ఆసక్తి పోతుంది. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి నేరుగా ఆసుపత్రికి. ప్రయాణం ముగిశాక చూద్దాం అనుకోవద్దు.

ఊటీ, బందీపుర వైపు వెళ్ళరా?

రోడ్లు అందంగా ఉంటాయి, కానీ అది ఏనుగుల ఇల్లు. బందీపుర రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. పగలు కూడా సైకిలు మీద ఒంటరిగా పోయే చోటు కాదు. చెన్నై స్నేహితులు అడిగితే ఏలగిరి చెప్తాను: జోలార్‌పేట దాకా రైలు, తర్వాత పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు.

ఇంట్లో వాళ్ళకి టెన్షన్. ఎలా ఒప్పించారు?

ఒప్పించలేదు, అలవాటు చేశాను. ఫోనులో లైవ్ లొకేషన్ ఆన్ చేసి పంపుతాను. కొండల సందుల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి "ఫలానా ఊరికి ఇన్నింటికి" అని కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటిస్తాను. మా ఆవిడ ఫోను కంటే ఆ కాగితాన్నే నమ్ముతుంది.

ఈసారి మేమూ రావచ్చా?

రండి. నలుగురికి మించితే మాటలు ఎక్కువై తొక్కడం తక్కువవుతుంది, అంతవరకే. హెల్మెట్ లేనివాళ్ళని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాను. పంక్చర్ సామాను, పంపు నా దగ్గర ఉంటాయి. ట్యూబు మాత్రం మీ టైరు సైజుది మీరే తెచ్చుకోండి. పోయినసారి వచ్చినాయన తన సైకిలుకి సరిపోని ట్యూబు తెచ్చి, మంచేనహళ్ళిలో ట్రాక్టరు టైర్లు అతికే ఆయన దగ్గర రెండు గంటలు కూర్చున్నాడు. మేము ఎదురింటి అరుగు మీద నిద్రపోయాం.